మా ఓడలో అందరికీ నెట్ వచ్చేదాకా – నా అనుభవం

మాది తాడిపత్రి దగ్గర పల్లె. నేను సరుకు ఓడలో థర్డ్ ఇంజనీర్‌ని, సెలవుకు వచ్చి రెండు వారాలైంది. ఓడలకు కొత్తగా పోతున్న మన పిల్లలు జీతం కంటే ముందు నెట్ గురించే అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు మాకు పాత వీశాట్, అంటే శాటిలైట్ ద్వారా వచ్చే నెట్, ఉండేది. ఆ శాటిలైట్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, మాట అక్కడిదాకా ఎక్కి దిగాలి, కాబట్టి అమ్మ "యాడుండావు నాయనా" అని అడిగి, నా జవాబు చేరేలోపే మళ్లీ అదే అడిగేది. పైగా పది డాలర్ల నెట్ కార్డుకు 100 ఎంబీ. ఒకసారి ఫోన్‌లో అప్‌డేట్ ఆపడం మరిచిపోతే పది నిమిషాల్లో కార్డంతా అయిపోయింది. ఆ వారమే నాన్నకు అనంతపురంలో గుండెకు స్టెంట్ వేశారు. నాకు తెలిసింది నాలుగో రోజు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఒక్కడే అడిగితే చూద్దాం అంటారు. అందుకని సేఫ్టీ కమిటీ మీటింగ్‌లో పెట్టి మినిట్స్‌లో (మీటింగ్ రికార్డులో) రాయించాం, అది ఆఫీసుకు పోతుంది కాబట్టి ఎవరో ఒకరు జవాబు ఇవ్వాల్సిందే. 22 మందిమీ సంతకాలు పెట్టాం. ఎంఎల్‌సీ 2006కి, అంటే ఓడ సిబ్బంది హక్కుల అంతర్జాతీయ ఒప్పందానికి, 2022లో చేసిన సవరణలు 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లో ఉన్నాయి, వీలైనంతవరకు సిబ్బందికి నెట్ ఇవ్వాలి, డబ్బు తీసుకుంటే న్యాయంగా ఉండాలి అని వాటితోపాటు వచ్చిన మార్గదర్శకం చెబుతుంది, అదీ రాశాం. ఖర్చెక్కువ అని జవాబొచ్చింది. ఒకప్పుడు నిజమే, 2022లో స్టార్‌లింక్ (తక్కువ ఎత్తులో తిరిగే శాటిలైట్ల నెట్) ఓడలకు మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000 డాలర్లు. మరుసటి ఏడాదికే 50 జీబీకి 250 డాలర్ల ప్లాన్ వచ్చింది. మేం కార్డులకు తలా 30 డాలర్లు, అంటే నెలకు 660 పెడుతున్నామని లెక్క కట్టి పంపాం. ఆ కాగితంతోనే పని అయింది.

సింగపూర్‌లో స్టార్‌లింక్ యాంటెన్నా వచ్చింది. మంకీ ఐలాండ్ మీద, అంటే బ్రిడ్జి పైకప్పు మీద, మా ఈటీవో (ఓడలో కరెంటు, ఎలక్ట్రానిక్స్ చూసే ఆఫీసర్) శ్రీకాకుళం అన్న, నేను కలిసి బిగించాం. మొదట పెట్టిన చోట ఫన్నెల్ (ఓడ పొగగొట్టం) అడ్డమొచ్చి కాల్ మాటిమాటికీ తెగేది. ఈ శాటిలైట్లు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతూ ఒకటి పోయి ఒకటి వస్తుంటాయి, ఆకాశం అన్ని వైపులా కనబడాలి, రాడార్‌కు ఎదురుగానూ ఉండకూడదు. మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం ఎండలో బ్రాకెట్ విప్పి, పైపుకు ఇంకో మీటరు వెల్డింగ్ చేసి పైకెత్తాం. కేబుల్ లోపలికి దిగే చోట నీళ్లు పోకుండా ఉండే గ్లాండ్‌ను గట్టిగా బిగించి సీలెంట్ పూశాం, ఉప్పునీళ్లు దిగితే కనెక్టర్ చిలుం పట్టి పోతుంది. నావిగేషన్ కంప్యూటర్ల నెట్‌వర్క్‌తో మాత్రం దీన్ని కలపనివ్వలేదు ఈటీవో. మీ ఓడలో కూడా ఈ ఒక్క విషయంలో అస్సలు ఒప్పుకోవద్దు, మన ఫోన్లలోని వైరస్ అక్కడికి పోతే ఓడకే ప్రమాదం.

మనిషికి నెలకు రెండు జీబీ ఉచితం. సినిమాలకు చాలదు, ఇంటితో మాట్లాడటానికి చాలు. విశాఖ దగ్గరికొచ్చినప్పుడు మన దేశపు నీళ్లలో దానికి అప్పటికి అనుమతి లేదని కెప్టెన్ ఆపించారు, అక్కడ మామూలు సిమ్‌తోనే మాట్లాడుకున్నాం.

మొదటి వీడియో కాల్ వాచ్ (డ్యూటీ) దిగి, నూనె మరకల బాయిలర్ సూట్‌తోనే చేశా. నాన్న చేనులో ఉన్నాడు. చెనక్కాయ చెట్టు ఒకటి పీకి, మన్ను దులిపి, ఫోన్‌కు దగ్గరగా పెట్టి కాయలు లెక్కపెట్టమన్నాడు. పద్దెనిమిది.