మొక్కు అని చెప్పమంది అమ్మ

గుండు చేయించుకోవాలా వద్దా అన్నది నా ఒక్కదాని విషయమే అయితే ఎప్పుడో తేల్చుకునేదాన్ని. ఇంట్లో పన్నెండేళ్ల అమ్మాయి, ఏడేళ్ల అబ్బాయి ఉన్నారు. తెనాలిలో అమ్మ ఉంది. మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద పది అడుగులు వేస్తే తెలిసినవాళ్లు ఒకరైనా ఎదురవుతారు. వీళ్లందరి కళ్లలోనూ ఆడదాని గుండుకు అర్థం ఒకటి కాదు. పిల్లలు ఏ అర్థాన్ని మనసులో పెట్టుకుంటారో అన్నదే నన్ను నెలల తరబడి ఆపింది.

నాకున్నది అలొపీషియా అరియేటా. మన ఊళ్లలో పేనుకొరుకుడు అంటారు కానీ పేలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ వెంట్రుకల కుదుళ్ల మీదే దాడికి దిగుతుంది. కుదురు మాత్రం చచ్చిపోదు. అందుకే ఎన్నేళ్ల తరవాతైనా జుట్టు తిరిగి రావచ్చు, వచ్చినది మళ్లీ పోవచ్చు. వందమందిలో సుమారు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందట. అంటుకునేది కాదు, ప్రాణాంతకమూ కాదు.

నాకు మొదట చెవి వెనుక రూపాయి బిళ్లంత మేర నున్నగా అయింది. చర్మవైద్యురాలు అక్కడ స్టెరాయిడ్ సూదులు వేస్తే నూగు వచ్చింది. ఈలోగా నడినెత్తిన ఇంకోటి, మెడ పైన మరోటి. అవి పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. సగానికి పైగా జుట్టు పోయాక మాత్రల మాట వచ్చింది. తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లకు బారిసిటినిబ్ అనే మాత్రను అమెరికాలో 2022 జూన్‌లో అనుమతించారు. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు కూడా వాడదగ్గ రిట్లెసిటినిబ్ 2023 జూన్‌లో వచ్చింది. మంచి మందులే, కానీ అందరికీ పనిచేయవు. బారిసిటినిబ్ పరీక్షల్లో ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికే తొమ్మిది నెలల లోపు తల చాలావరకు నిండింది. ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాల గురించి మందు సమాచార పత్రంలోనే గడి కట్టి గట్టి హెచ్చరిక ఇస్తారు. మానేస్తే చాలామందికి మళ్లీ రాలుతుంది. ఆలోచించి మొదలుపెట్టాను. అయితే మాత్ర పనిచేసినా చెయ్యకపోయినా, తలమీద మిగిలిన ఆ నాలుగు పాయలతో ఏం చెయ్యాలన్న ప్రశ్న అలాగే నిలిచి ఉంది.

జుట్టు పూర్తిగా లేకపోవడం కన్నా సగం సగం ఉండడం కష్టం. పొద్దున్నే అద్దం ముందు పాయను ఇటు తిప్పి, అటు పిన్ను పెట్టి, మిగిలిన చోట రంగు పొడి అద్ది బయలుదేరాలి. గాలి వీస్తే భయం, చినుకు పడితే భయం. చిన్నవాడు పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకుంటే నా చెయ్యి ముందు వాడి వీపు మీదికి పోకుండా నా తలమీదికి పోయేది. ఉగాది సభలో మా అమ్మాయి నా పక్కన కూర్చుని, ఎవరో పలకరించడానికి వస్తుంటే చటుక్కున నా పాయ ఒకటి సర్ది మచ్చను కప్పింది. ఏమీ జరగనట్టు మళ్లీ వేదిక వైపు తిరిగింది. ఆ తరవాత గమనిస్తే ఎక్కడికి వెళ్లినా దాని కళ్లు ముందు నా తల చుట్టూ తిరిగివస్తున్నాయి. అమ్మ రహస్యానికి ఆ పసిది కాపలాదారు అయిపోయింది. నేను ఎన్నడూ అడగలేదు, దాచమని చెప్పనూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు దేన్ని దాస్తే పిల్లలు దాన్ని కాపాడతారు. ఆ రోజు నుంచీ తీసేయాలన్న ఆలోచన నాలో గట్టిపడింది.

అమ్మకు ఫోనులో చెప్పాను. అంతకుముందు మందార ఆకు, ఉల్లిపాయ రసం దాకా ఓపిగ్గా చెబుతూ వచ్చింది. గురివింద గింజ అరగదీసి రాయమంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆ గింజలో ఉన్నది కడుపులోకి పోతే ప్రాణం తీసే విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టుకోలేను. గుండు మాట ఎత్తేసరికి ఆ గొంతే మారిపోయింది. "నిండు ముత్తైదువవి, తలమీద కత్తి ఏమిటి తల్లీ?" అంది.

అమ్మ భయం ఎక్కడిదో నాకు తెలుసు. అమ్మ చిన్నతనంలో వాళ్ల వీధిలో భర్త పోయిన ఒక ముసలావిడకు నెలకోసారి మంగలిని పిలిపించి గుండు చేయించేవారట. పెరటి గుమ్మంలో జరిగేదట ఆ పని. వితంతువులకు మళ్లీ పెళ్లి చేయవచ్చని వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో 1881లోనే చేసి చూపించారు. ఆ తరవాత తరాలు గడిచినా కొన్ని ఇళ్లలో కత్తి ఆగలేదు. ఆ పెరటి గుమ్మాన్ని చూసిన కళ్లకు, భర్త బతికుండగా కూతురు గుండుతో తిరగడం ఎలా కనిపిస్తుందో నేను ఊహించగలను. ఆ భయాన్ని చాదస్తమని కొట్టిపారేయలేను.

కానీ అదే అమ్మ, మా తమ్ముడికి టైఫాయిడ్ తగ్గితే తిరుమలలో తలనీలాలు ఇచ్చింది. నాన్న పక్కనే ఉన్నారు. కల్యాణకట్ట నుంచి బయటకు వచ్చి తలకు గంధం రాసుకుని, మెడలో పసుపుతాడుతో, ఎంతో తృప్తిగా నడిచింది. బస్సులో తిరిగివస్తుంటే పక్క సీట్లవాళ్లు ప్రసాదం అడిగారు తప్ప ఎందుకు ఇచ్చావని ఒక్కరూ అడగలేదు. మన తెలుగువాళ్లకు గుండుతో ఉన్న ఆడమనిషి కొత్త కాదు. కొండ మీద రోజూ ఎంతోమంది కనిపిస్తారు. అక్కడ అది గౌరవం, పెరటి గుమ్మంలో శిక్ష. ఒకటి తాను ఇచ్చినది, మరొకటి తన దగ్గర నుంచి లాక్కున్నది. నాది ఈ రెంటిలో ఏదీ కాదు.

ఇది గుర్తుచేస్తే అమ్మ కాసేపు మాట్లాడలేదు. మర్నాడు తనే ఫోన్ చేసి ఉపాయం చెప్పింది. "ఈసారి వచ్చినప్పుడు కొండకు వెళదాం. అక్కడే ఇచ్చెయ్యి. అందరికీ మొక్కు అని చెప్పు. ఇక ఎవరూ అడగరు."

తెలివైన మాట. మా ఆయన కూడా బాగానే ఉందన్నారు. నేనూ రెండు రాత్రులు దాని గురించే ఆలోచించాను. దేవుడి పేరు చెబితే బంధువుల నోళ్లు మూతపడతాయి, అమ్మ మనసు కుదుటపడుతుంది. అయినా మనసు ఒప్పలేదు. ఎలాగూ రాలిపోతున్నదాన్ని స్వామికి సమర్పించానని చెప్పుకోవడం నాకు భక్తిగా తోచలేదు. అంతకన్నా ముఖ్యంగా, మా అమ్మాయి కాపలా అప్పుడూ తీరదు. ఇప్పుడు మచ్చను కప్పుతోంది, అప్పుడు మొక్కు అనే మాటతో జబ్బును కప్పాలి. పైగా పిల్లలకు తిరుమల మీద ఉన్న నమ్మకంలోకి ఒక అబద్ధాన్ని నేనే తీసుకొచ్చి పెట్టినట్టవుతుంది. వాళ్లిద్దరి పుట్టువెంట్రుకలూ అక్కడే తీయించాం. బోడి తలలతో, గంధంతో ఉన్న ఆ ఫోటోలు మా ముందుగదిలో గోడమీద ఉన్నాయి. వాళ్లకు ఆ కొండతో ఉన్న బంధం ఆ ఫోటోలే.

అందుకని మొక్కు వద్దనుకున్నాను కానీ, కొండ కథ మాత్రం పిల్లలకు చెప్పాను. పుట్టలో ఉన్న స్వామికి గొల్లవాడి గొడ్డలి తగిలి తలమీద కొంత మేర జుట్టు పోయిందని, నీలాదేవి అది చూసి తన జుట్టులోంచి కొంత కోసి అక్కడ అమర్చిందని, భక్తులిచ్చే తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి మాటిచ్చాడని, ఏడు కొండల్లో నీలాద్రి ఆమె పేరేనని. మా అమ్మాయి వెంటనే అడిగింది: "అంటే వెంకటేశ్వరస్వామికి కూడా నీలాగే ప్యాచ్ ఉండేదా?" అవునన్నాను. చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు విన్న కథే. ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు.

మా అమ్మాయికి కూచిపూడి నేర్పిస్తున్నాం. సత్యభామ జడ అంటే ప్రాణం. దానికున్న జుట్టు భుజాల వరకే కాబట్టి సవరం పెట్టి జడ వేయాలి. వేదాంతం సత్యనారాయణశర్మగారి గురించి చెప్పాను. సత్యభామగా ఆయన జడ పట్టుకుని నడిచివస్తే చూసినవాళ్లు ఆడవాళ్లే అసూయపడేవారని పెద్దలు చెబుతారు. ఆ జడ ఆయన తలలో పెరిగినది కాదు. కూచిపూడి గ్రామంలో తరతరాలుగా మగవాళ్లే జడ కట్టుకుని భామ అయ్యారు. అందంగా ఉండడానికి, పాత్రకు నిండుదనం రావడానికి జుట్టు పెట్టుకోవడంలో తప్పు లేదు, అది పెట్టుకున్న జుట్టని అందరికీ తెలుసు కూడా. విగ్గు గురించి నా అభిప్రాయమూ అదే.

విగ్గు దుకాణానికి కూడా వెళ్లాం. చర్మవైద్యురాలు వైద్యపరమైన అవసరమని రాసిస్తే కొన్ని బీమా పథకాలు కొంత ఖర్చు ఇస్తాయి. అసలు జుట్టుతో చేసినవి వేల డాలర్లు పలుకుతాయి. పొడవాటి నల్లటి విగ్గు ఒకటి చూపించి భారతదేశం నుంచి వచ్చిన జుట్టు అన్నారు. తిరుమల జుట్టును దేవస్థానం వేలం వేస్తుందని, అది ప్రపంచమంతా చేరుతుందని పిల్లలకు చెప్పాను. 2004లో మాకు దగ్గరలోని బ్రూక్లిన్‌లోనే, ఆ జుట్టు వేరే మతం గుడిలో ఇచ్చినదని తెలిసి, ఆచారం ప్రకారం జుట్టు కనిపించకుండా విగ్గు పెట్టుకునే కొందరు యూదు మహిళలు తమ మత పెద్దల తీర్పు ప్రకారం విగ్గులను వీధిలో తగలబెట్టారు. "అయితే ఇది ఎవరి జుట్టు?" అని మా అమ్మాయి ఆ విగ్గును తాకి చూసింది. బహుశా అమ్మమ్మలాంటి ఎవరిదో కావచ్చన్నాను. కొనలేదు. సింథటిక్‌ది, కురచది, ఒకటి తెచ్చుకున్నాం.

ఇంత జరిగాక అసలు అభ్యంతరం మా అమ్మాయి నుంచే వచ్చింది. "తీసెయ్యి అమ్మా, నాకేం ఇబ్బంది లేదు. కానీ స్కూలు దగ్గర దింపేటప్పుడు మాత్రం..." అని ఆగిపోయింది. ధైర్యంగా ఉండమని చెప్పడం తేలిక. మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన అయానా ప్రెస్లీ 2020 జనవరిలో తనకు ఇదే జబ్బు ఉందని ప్రకటించి, గుండుతోనే సభకు వెళుతున్న సంగతి దానికి చూపించాను కూడా. కానీ పన్నెండేళ్ల వయసులో తన ఒంటి గురించే సవాలక్ష సందేహాలు. అమ్మ తలను కూడా మోయమనడం న్యాయం కాదు. శీతాకాలం సెలవుల దాకా స్కూలు దగ్గర టోపీ పెట్టుకుంటానని ఒప్పుకున్నాను. ఇంట్లో, గుడిలో, దుకాణాల్లో మాత్రం నా ఇష్టం. ఇక్కడ పెరిగే పిల్లలకు తమ మాటకు విలువ ఉండాలన్న పట్టింపు ఎక్కువ. అది మంచిదే. మా ఇంట్లో నేను పన్నెండేళ్లప్పుడు నన్నెవరూ ఏమీ అడిగేవారు కాదు.

శనివారం సాయంత్రం మా ఆయన తన గడ్డం మిషనుతో తీసేశారు. ఐదు నిమిషాల పని. చిన్నవాడు పక్కన నిలబడి, "నీకు కూడా పుట్టువెంట్రుకలు తీస్తున్నారా?" అని అడిగి, కాదంటే తన ఆటకు వెళ్లిపోయాడు.

బయట రెండు రకాల స్పందన చూశాను. అమెరికన్ పొరుగువాళ్లు క్యాన్సర్ అనుకున్నారు. పక్కింటావిడ కూర చేసి పట్టుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను కూర్చోబెట్టి విషయం చెప్పి పంపేసరికి గంట పట్టింది. తెలుగువాళ్లు నవ్వుతూ "తిరుపతి వెళ్లొచ్చారా?" అని అడుగుతున్నారు. అది ఎంత సులువైన దారో! ఊఁ అంటే చాలు. కిరాణా దుకాణంలో ఒకావిడ అలా అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపు మా అమ్మాయే "కాదాంటీ, అలొపీషియా. అంటుకోదు" అంది. ఆవిడ "అయ్యో" అని నా వైపు చూసింది. పిల్ల మాత్రం కొత్తిమీర ఏరుకుంటోంది.

ఇంటికొచ్చాక అసలు భయం బయటపెట్టింది: "నాకూ వస్తుందా?" రానే రాదని మాటివ్వలేను. దీని వెనుక ఎన్నో జన్యువుల ప్రభావం ఉంటుంది. తల్లికి ఉంటే బిడ్డకు అవకాశం కాస్త పెరుగుతుంది, అయినా చాలామంది బిడ్డలకు రాదు. అలాగే చెప్పాను. వస్తే ఏం చేస్తామని అడిగింది. మందుల పేర్లు చెప్పాను, అవి నాకంటే తనకే ఎక్కువ కాలం అందుబాటులో ఉంటాయని, ఇంకా మంచివి వస్తాయని చెప్పాను. తలమీద ఏం ఉంచుకోవాలో అప్పుడు తనే నిర్ణయించుకుంటుందని కూడా చెప్పాను.

డిసెంబరులో తెనాలి వెళుతున్నాం, పిన్ని కూతురి పెళ్లికి. పెళ్లిలో విగ్గు పెట్టుకోమని అమ్మ బతిమాలుతోంది. పట్టుచీరకు బాగుంటుందనిపిస్తే పెట్టుకుంటాను, ఆ ఉదయం నేనే తేల్చుకుంటాను. కొండకూ వెళతాం, నమస్కారం చేసుకుని వస్తాం. ఎవరైనా అడిగితే మాత్రం మొక్కు అని నేను చెప్పను, పిల్లలచేత చెప్పించను. అమ్మతో ఇది స్పష్టంగా అన్నాను. "మరి నన్ను అడిగితే?" అంది అమ్మ. "నీకు ఏది చెప్పాలనిపిస్తే అది చెప్పమ్మా, కానీ పిల్లల ముందు మాత్రం నిజమే చెప్పు" అన్నాను. సరేనని ఇంకా అనలేదు.