తగ్గవలసినవి, తగ్గకూడనివి

మామూలు బడిలో ఇమడలేక, వరసగా తప్పుతూనో, నెలల తరబడి గైర్హాజరవుతూనో, గొడవల్లో చిక్కుకునో మా దగ్గరకు వచ్చే పిల్లలకు లెక్కలు చెప్పడం నా వృత్తి. ఇలాంటి ప్రత్యామ్నాయ పాఠశాలల గురించి బయట తరచుగా వినిపించే మాట ఒకటుంది: అక్కడ చదువు తేలిక, నియమాలు పెద్దగా ఉండవు, పిల్లల్ని ఎలాగోలా గట్టెక్కిస్తారు. కొందరు తల్లిదండ్రులు ఆ ఆశతోనే వస్తారు. అదే నిజమైతే, ఒకసారి నష్టపోయిన పిల్లవాడికి మేము రెండోసారి అన్యాయం చేసినట్టు అవుతుంది. తగ్గవలసినవి తరగతిలో పిల్లల సంఖ్య, పాఠం నడిచే వేగం, పిల్లవాడి మనసులోని భయం; నేర్చుకోవలసినది మాత్రం రవ్వంత కూడా తగ్గకూడదని నా గట్టి నమ్మకం.

మామూలు బడిలో గడువు ముందే ఖరారై ఉంటుంది. ఫలానా పాఠం ఫలానా నెలలో పూర్తి కావాలి కాబట్టి, అర్థమైనవాళ్లు, కానివాళ్లు అందరూ కలిసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోతారు. అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లో దీన్ని తిరగేసి ఆలోచించాడు: చేరవలసిన స్థాయి అందరికీ ఒకటే కావాలి, అందుకు పట్టే సమయం మనిషిని బట్టి మారాలి. మా బడి నడక దాదాపుగా ఇదే. పాఠం కాగానే చిన్న పరీక్ష పెట్టి, తప్పిన చోట మరో పద్ధతిలో చెప్పి, మళ్లీ పరీక్షిస్తాము. అప్పుడు గానీ ముందుకు కదలము. వినడానికి సులువుగా ఉన్నా, ఆచరణలో ఇది ఎంతో ఓపిక కోరుతుంది.

తొమ్మిదో తరగతి వయసున్న ఒక అబ్బాయి సగానికి మూడో వంతు కలపమంటే, లవానికి లవం, హారానికి హారం కలిపి, అయిదింట రెండు వంతులని రాశాడు. తప్పని కొట్టివేస్తే అతను పుస్తకం మూసేస్తాడని నాకు తెలుసు; అప్పటికి ఎన్నో ఏళ్లుగా అతను చూస్తున్నది ఆ ఎర్ర గీతలే. అందుకని, "నీ దగ్గర సగం ఉంది, దానికి ఇంకొంత కలిపావు, మరి వచ్చినది సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని మాత్రం అడిగాను. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు తీసుకుని, ఒకదాన్ని సగానికి, మరొకదాన్ని అయిదు భాగాలకు మడిచి, పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "తక్కువే ఉంది సార్. కలిపితే తగ్గడమేంటి?" అన్నాడు. ఆ ప్రశ్న అతని నోట వచ్చాక మరో పట్టీని ఆరు భాగాలు చేశాము. సగమంటే మూడు భాగాలు, మూడో వంతంటే రెండు, మొత్తం ఆరింట అయిదు. ఆ పీరియడంతా ఈ ఒక్క లెక్కకే సరిపోయింది. మర్నాడు హారాలు మారిస్తే మళ్లీ తడబడ్డాడు, క.సా.గు. దగ్గర ఆగిపోయాడు, గుణకార పట్టికలు రావని అప్పుడు బయటపడింది. అక్కడి నుంచి మొదలుపెట్టాము. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఎక్కాలు చెప్పడం స్థాయి తగ్గించడం కాదు, ఆ స్థాయికి చేరవలసిన దారిలో ఊడిపోయిన మెట్టును తిరిగి కట్టడం.

పిల్లవాడి మీద ఉపాధ్యాయుడు పెట్టుకునే ఆశ గురించి రాబర్ట్ రోజెంతాల్, లెనోర్ జాకబ్సన్ 1968లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన కొందరు పిల్లలను చూపించి, వీళ్లు ఈ ఏడు బాగా ఎదుగుతారని ఉపాధ్యాయులకు చెబితే, ముఖ్యంగా చిన్న తరగతుల్లో, తెలివితేటల (ఐక్యూ) పరీక్షలో ఆ పిల్లల మార్కులు మిగతావాళ్ల కంటే ఎక్కువ పెరిగాయి. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న దానిపై తర్వాత పరిశోధకులు చాలా వాదించుకున్నారు. పరిమాణం సంగతి ఎలా ఉన్నా, ఉపాధ్యాయుడు తమ నుంచి ఏమీ ఆశించడం లేదని పసిగట్టడంలో మా పిల్లలను మించినవాళ్లు లేరు. జాలిపడి తేలిక ప్రశ్నలు ఇస్తే, వాళ్లు మర్యాదగా రాసి ఇచ్చి, మనసులో మనల్ని కూడా పాత జాబితాలోనే చేర్చుకుంటారు.

1920లో ఉక్రెయిన్‌లోని పొల్తావా దగ్గర, నేరాల్లో పడిన అనాథ పిల్లల కోసం సోవియట్ విద్యావేత్త అంతోన్ మకరెంకో ఒక ఆశ్రమ పాఠశాల మొదలుపెట్టి నడిపాడు. మనిషి నుంచి వీలైనంత ఎక్కువ కోరాలి, అతన్ని వీలైనంత ఎక్కువ గౌరవించాలి అన్నది అతని సూత్రం. అక్కడి సైనిక తరహా క్రమశిక్షణ నాకు నచ్చదు గానీ, ఈ సూత్రాన్ని మాత్రం శిరసావహిస్తాను. దీనికి భిన్నంగా, స్కాటిష్ విద్యావేత్త ఎ. ఎస్. నీల్ 1921లో స్థాపించిన సమ్మర్‌హిల్ అనే బడిలో పాఠానికి రావడం, రాకపోవడం పిల్లల ఇష్టం. ఆ స్వేచ్ఛ వెనుక పిల్లలపై గొప్ప విశ్వాసం ఉంది. అయితే ఇప్పటికే కొన్నేళ్లు చేజారిపోయిన పిల్లవాడికి, తనంతట తాను తరగతిలోకి వచ్చేదాకా ఎదురుచూసే వ్యవధి ఉండదు.

కాబట్టి మేము అడిగేవి అడుగుతాము. వేళకు రావాలి, రాకపోతే ఆ ఉదయమే ఇంటికి ఫోను చేస్తాము, అది నిలదీయడానికి కాదు, ఏమైందో తెలుసుకోవడానికి. తరగతిలో సెల్‌ఫోను తీయకూడదు. ఇచ్చిన పని అసంపూర్తిగా తెస్తే మార్కులు కోయము, పూర్తి చేసేదాకా తిరిగి ఇస్తూనే ఉంటాము. గొడవ జరిగితే ఇంటికి పంపేయడం మా పద్ధతి కాదు. ఇద్దరినీ చల్లబడనిచ్చి, ఏం జరిగింది, ఎవరికి నష్టం కలిగింది, దాన్ని ఎలా సరిచేస్తావు అని వరసగా అడుగుతాము. పిల్లలకు సస్పెన్షన్ కంటే ఇదే కష్టం. మూడో ప్రశ్నకు జవాబు చెప్పడమే కాక, దాన్ని చేసి చూపించాలి కూడా.

ఇక్కడ చేరిన ప్రతి ఒక్కరూ నిలదొక్కుకుంటారని చెప్పలేను. ఇంటి బాధ్యతలు లాక్కెళ్లేవాళ్లు ఉన్నారు, వైద్య సహాయం ముందు కావలసినవాళ్లు ఉన్నారు. తిరిగి మామూలు బడికి వెళ్లేవాళ్లకు కూడా మొదటి కొన్ని నెలలే గండం, ఎందుకంటే అక్కడ తరగతి మళ్లీ పెద్దది, గడువు మళ్లీ బిగుతు. అందుకే వెళ్లేముందు కొత్త ఉపాధ్యాయులతో కూర్చుని, ఆ పిల్లవాడికి ఏది వచ్చో, ఏది ఇంకా పూర్తిగా పట్టుబడలేదో, తప్పు చెప్పినప్పుడు అతను ఎలా ముడుచుకుపోతాడో వివరంగా రాసి ఇస్తాము. ఆ కాగితంలో అతని పాత గొడవల ప్రస్తావన ఒక్క వాక్యం కూడా ఉండదు.