ముసలితనానికి వచ్చేసరికి ఎవరి చేతిలో ఎంత ఉంటుంది?

ఆదాయ అసమానతల మీద చర్చ మొదలైతే చాలు, కోటీశ్వరులు, పన్నులు, టెక్నాలజీ, ఇవే వస్తాయి. సమాజంలో వయసు మళ్ళినవాళ్ళు పెరిగేకొద్దీ ఆదాయాల మధ్య తేడా కూడా పెరుగుతుందన్న మాట మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

ఒకే ఏడాది, ఒకే జీతంతో ఉద్యోగంలో చేరిన ఇద్దరిని తీసుకోండి. పాతికేళ్ళప్పుడు వాళ్ళ మధ్య పెద్ద తేడా ఏమీ ఉండదు. తర్వాత ఒకరికి ప్రమోషన్ వస్తుంది, ఇంకొకరి కంపెనీ మూతపడుతుంది. ఒకరు నెలనెలా కొంత దాచుకుంటుంటే, రెండోవాళ్ళు జబ్బు చేసి ఆరు నెలలు మంచాన పడి, అప్పు చేసి, ఆ అప్పుకి వడ్డీ కడుతూ ఉంటారు. ముప్పై ఏళ్ళప్పుడు పూడ్చుకోగలిగిన తేడానే, ఒకవైపు పొదుపు మీద వడ్డీ, మరోవైపు అప్పు మీద వడ్డీ పేరుకుని, అరవై వచ్చేసరికి ఇక అందుకోలేనంత అవుతుంది. ఆంగస్ డీటన్, క్రిస్టీనా పాక్సన్ అనే ఆర్థికవేత్తలు 1994లో అమెరికా, బ్రిటన్, తైవాన్ లెక్కలతో చూపించింది ఇదే: ఒకే కాలంలో పుట్టినవాళ్ళ మధ్య తేడా వయసుతో పాటు పెరుగుతూ పోతుంది. అంటే ఎవరి జీతమూ మారకపోయినా, జనాభాలో పెద్దవాళ్ళ వాటా పెరిగితే చాలు, దేశం మొత్తం మీద అసమానత పెరిగినట్టు కనిపిస్తుంది.

జపాన్‌లో 1980ల్లో వినియోగ ఖర్చులో అసమానత బాగా పెరిగింది. అందులో దాదాపు సగం జనాభా వయసు మీరడం వల్లే వచ్చిందని ఒహ్తాకే, సైటో అనే ఆర్థికవేత్తలు 1998లో లెక్క తేల్చారు. 2006లో అక్కడి ప్రభుత్వం కూడా, గిని గుణకం (ఆదాయ అసమానతని కొలిచే సంఖ్య, ఎంత ఎక్కువైతే అంత తేడా) పెరగడానికి ముఖ్య కారణం వృద్ధులు పెరగడమే, ఇది పైకి కనిపించే తేడా మాత్రమే అన్నట్టు వాదించింది. నాకు ఈ వాదన అస్సలు నచ్చదు. కారణం తెలిసినంత మాత్రాన, డెబ్బై ఏళ్ళ మనిషి చేతిలో డబ్బు లేకపోవడం అబద్ధమైపోదు కదా!

ఈ తేడాని తగ్గించగలిగేది ముఖ్యంగా పెన్షనే. దక్షిణ కొరియాలో జాతీయ పెన్షన్ 1988లోగానీ మొదలవలేదు, అప్పటికే సగం సర్వీసు అయిపోయినవాళ్ళు కట్టింది తక్కువ, వచ్చేదీ తక్కువే. ఎంతో సంపన్నమైన ఆ దేశంలో 65 దాటినవాళ్ళలో దాదాపు 40 శాతం మంది ఆదాయం మధ్యస్థ ఆదాయంలో (అందరినీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషి ఆదాయంలో) సగం కూడా ఉండదు.

పెన్షన్ ఖర్చు భరించలేక చాలా ప్రభుత్వాలు రిటైర్మెంట్ వయసు పెంచుతున్నాయి. ఫ్రాన్స్‌లో 2023లో 62 నుంచి 64కి పెంచుతూ చట్టం చేస్తే జనం వీధుల్లోకి వచ్చారు. పేదవాళ్ళు, డబ్బున్నవాళ్ళు ఒకే వయసు దాకా బతకరన్నది ఇక్కడ అసలు విషయం. 2001-2014 మధ్య అమెరికా లెక్కల ప్రకారం, అందరికంటే సంపన్నులైన 1 శాతం మగవాళ్ళు, అడుగున ఉన్న 1 శాతం కంటే సగటున 14.6 ఏళ్ళు ఎక్కువ బతుకుతున్నారు. అందరికీ ఒకేలా రెండేళ్ళు పెంచితే, పెన్షన్ తీసుకునేది పదేళ్ళే అయిన మనిషికి అందులో ఐదో వంతు పోతుంది, పాతికేళ్ళు తీసుకునేవాళ్ళకి పోయేది సుమారు పన్నెండో వంతు. జీవితమంతా బరువులు మోసి నడుము పడిపోయిన మనిషిని ఇంకో రెండేళ్ళు పనిచెయ్యమనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

వృద్ధుల్ని చూసుకునేవాళ్ళ సంగతి కూడా ఉంది. డబ్బుంటే మనిషిని పెట్టుకుంటారు, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు ఉద్యోగం మానెయ్యాలి, ఎక్కువసార్లు మానేది ఆడవాళ్ళే. అలా మానేసిన ఏళ్ళకి జీతమూ ఉండదు, పెన్షన్‌లో జమా ఉండదు, రేపు ఆవిడ ముసలితనం ఇంకా ఇరుకున పడుతుంది. జర్మనీలో 1995 నుంచి ఇలా ఇంట్లో సేవ చేసేవాళ్ళ తరఫున సంరక్షణ బీమా నిధే పెన్షన్ వాటా కడుతోంది. రిటైర్మెంట్ వయసు పెంచాలనుకునే ప్రతి ప్రభుత్వమూ ముందు ఈ పని చెయ్యాలి.