దహ్షూర్ చూశాకే గీజా

కైరోకు దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని దహ్షూర్‌కే ముందు వెళ్లాం. పిరమిడ్ ఎలా నిలబడిందో తెలియాలంటే, ఎక్కడ కుంగిందో ముందు చూడాలి.

ఈజిప్టు రాజు స్నెఫెరు కట్టించిన వంపు పిరమిడ్ కింద దాదాపు 54 డిగ్రీల వాలుతో లేచి, సగం ఎత్తుకు చేరేసరికి 43 డిగ్రీలకు వాలిపోతుంది. అడుగున గట్టి బండ లేదు, గులకరాళ్లూ బంకమట్టీ కలిసిన నేల. బరువుకు నేల కుంగి లోపలి గదులు పగిలాయి. పగుళ్లను జిప్సంతో పూడ్చి, పైగదిలో దేవదారు దూలాలు అడ్డం పెట్టారు. కింది వరసల రాళ్లను లోపలికి వాల్చి పేర్చడం ఒత్తిడిని ఇంకా పెంచింది. పై భాగంలో అందుకే రాళ్లను మట్టంగా పరిచారు. తాపడం ఊడిన మూలల దగ్గర ఈ తేడా కంటికే తెలుస్తుంది.

పక్కనున్న ఎర్ర పిరమిడ్ కూడా స్నెఫెరుదే, వాలు 43 డిగ్రీలు.

గీజాలో ఆయన కొడుకు ఖుఫు బండ మీదే పునాది వేయించాడు. ఒక్కో వైపు 230 మీటర్లున్నా అడుగు మట్టంలో తేడా రెండు సెంటీమీటర్లకు అటూఇటూ మాత్రమే. సుమారు 23 లక్షల రాళ్లలో అత్యధికం అక్కడి సున్నపురాయే. పక్కనే ఉన్న, ఖుఫు కొడుకు ఖఫ్రే పిరమిడ్‌కు ఉత్తరాన నిలబడండి: రాయి చుట్టూ కాలువలు తవ్వి విడదీసిన గళ్లు నేల మీద ఇప్పటికీ ఉన్నాయి. బయటి తెల్ల తాపడం నైలు అవతలి తూరా రాతి గనుల నుంచి పడవల్లో వచ్చింది. మెరెర్ అనే అధికారి బృందం పది రోజులకు రెండు మూడు ట్రిప్పులు వేసినట్టు 2013లో ఎర్రసముద్ర తీరంలోని వాదీ అల్-జర్ఫ్‌లో దొరికిన పపైరస్ రాతప్రతులు చెబుతున్నాయి.

నేల మీద రాళ్లను చక్రాల్లేని చెక్క బండ్లపై లాగారు. ఇసుక పొడిగా ఉంటే బండి ముందు కుప్పపడుతుంది, నీళ్లు ఎక్కువైతే బురదై పట్టేస్తుంది. సరిపడా తడిపితే లాగే బలం సగం చాలు.

గ్రానైట్ 800 కిలోమీటర్ల అవతలి అస్వాన్‌ది. దాన్ని రాగి ఉలి కోయలేదు. డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో మోది చెక్కారు, రాగి రంపం కింద ఇసుక పోసి కోశారు. కోసేది ఇసుకే, రాగి కూడా అరిగిపోతూ ఉంటుంది.

రాళ్ల మధ్య గారకు సున్నం కాక జిప్సం వాడటం నాకు అన్నిటికంటే తెలివైన పని అనిపించింది. సున్నానికి దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి, జిప్సానికి 150 చాలు. కట్టెలు అరుదైన దేశంలో ఇది చాలా పెద్ద తేడా. తడి గార మీద బరువైన రాయి జారి సరైన చోట కూర్చుంటుంది, బరువూ సమంగా పడుతుంది.

ఖుఫు పిరమిడ్ లోపల రాజు గది అని పిలిచే గదిలోకి వెళ్తే తలెత్తి దక్షిణపు గోడ వైపు చూడండి. పైకప్పులోని తొమ్మిది గ్రానైట్ దూలాలూ అక్కడ పగిలే ఉన్నాయి.