సగం టేపు

పదకొండున్నర దాటింది. చిన్నోడి డైరీ ఎదురుగా తెరిచే ఉంది, పెన్ను మూత తీసే ఉంది. సంతకం మాత్రం పెట్టబుద్ధి కావడం లేదు.

ఎర్ర ఇంకుతో ఒక్క లైను: "లోగో కనబడేలా టేపు చించేశాడు. పేరెంట్ సంతకం చేసి పంపగలరు." "చించేశాడు" కింద రెండు గీతలు. వీడు చదువుకున్న ఇన్నేళ్లలో ఎర్ర ఇంకు చూడటం ఇదే మొదలు. సాయంత్రం బ్యాగులోంచి టిఫిన్ డబ్బా తీస్తుంటే కంటబడింది. కాళ్లు కడుక్కోనివ్వకుండానే అరిచేశాను. వాడు తల దించుకుని "సారీ అమ్మా" అన్నాడు. అంతకుమించి మాట రాలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. తప్పు చేసినప్పుడు వీడు పావుగంట వాదిస్తాడు, మీకు తెలిసిందే.

సంగతేమిటంటే, ఈ ఏడాది నుంచి వాళ్ల బడిలో నెలకో శనివారం సివిల్ డ్రెస్. (మా తెనాలిలో కలర్ డ్రెస్ అనేవాళ్లం. హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్లయినా సివిల్ డ్రెస్ అంటే నాకు మఫ్టీలో ఉన్న కానిస్టేబులే గుర్తొస్తాడు.) ఆ రోజు ఏ రంగైనా వేసుకోవచ్చు గానీ కంపెనీ పేరు, గుర్తు ఏదీ కనబడకూడదు. కనబడితే గేటు దగ్గరే టేపు. దెబ్బ తగిలితే దూది మీద అంటిస్తారే, ఆ తెల్ల కాగితం టేపు. పీఈటీ సార్ చేతిలో ఆ చుట్ట, ఒక కత్తెర.

నిన్న రాత్రి తొమ్మిదికి మొదలైంది మా ఇంట్లో వెతుకులాట. బీరువాలో పదకొండు టీషర్టులున్నాయి. తొమ్మిదింటి మీద ఏదో ఒక గుర్తు. పదోది బొడ్డు పైకి వచ్చేసింది. పదకొండోది మా ఆయన ఆఫీసు ఫ్యామిలీ డేకి ఇచ్చింది, వీపంతా కంపెనీ పేరే. "ఇది బ్రాండ్ కిందకి రాదులే, దీన్ని డబ్బిచ్చి కొనేవాడు ఎవడూ లేడు" అన్నారు ఈయన. అత్తయ్య టీవీ మీంచి చూపు తిప్పకుండానే "లోపలి వైపు బయటికి తిప్పి తొడిగెయ్యమ్మా" అన్నారు. ఇల్లంతటికీ పనికొచ్చే సలహా అదొక్కటే, దాన్నే ఎవరం పట్టించుకోలేదు. చివరికి బూడిద రంగుది ఇస్త్రీ చేశాను. గుండె దగ్గర గోరంత టిక్కు మార్కు, అంతే. ఆ మాత్రం ఎవరు చూస్తారులే అనుకున్నా. చూశారు.

నిజానికి జూన్‌లో మీటింగులో ఈ రూల్ చెప్పినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకు కారణం మా తమ్ముడు.

1993. వాడు ఆరో క్లాసు. ఆ ఎండాకాలం అమెరికా బాబాయి వచ్చి, వెళ్తూ వెళ్తూ పాత బట్టలు ఒక సంచీ నిండా వదిలి వెళ్లాడు. అందులో మెడ దగ్గర పూర్తిగా చివికిపోయిన తెల్ల టీషర్టు ఒకటి, దాని మీద చిన్న ఆకుపచ్చ మొసలి. తమ్ముడికి ఆ మొసలి కావాలి. చొక్కా చూస్తే నాన్నకే వదులు. వాడు రెండు రోజులు అన్నం మీద అలిగాడు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ అరుగు మీద కూర్చుని, నాన్న గడ్డం బ్లేడుతో ఆ మొసలి చుట్టూ ఒక్కో పోగూ కోసింది. ఊపిరి బిగబట్టి మరీ కోసింది. పక్కన నేను అగ్గిపెట్టె పట్టుకుని కూర్చున్నా, ఊడొచ్చిన మొసలిని అందులో పెట్టడానికి. వాడి పుట్టినరోజుకి కొన్న నీలం టీషర్టుకి ఎడమ పక్కన జేబుంది. జేబు మీద కుడితే అది నోరు తెరుచుకోదు. అందుకని అమ్మ కుడి పక్కన కుట్టింది. దారం కాస్త బిగిసి చుట్టూ గుడ్డ ముడతపడింది, తోక పైకి లేచింది. మాకు మాత్రం మహా గొప్పగా కనబడింది.

పుట్టినరోజు నాడు కలర్ డ్రెస్ వేసుకుని చాక్లెట్ల కవరు పట్టుకుని క్లాసుక్లాసుకీ తిరగాలి కదా. తిరిగాడు. రెండో పీరియడ్ అయ్యేసరికి ఎవడో "ఒరేయ్ తొండ" అన్నాడు. అంతే, పదో తరగతి దాకా వాడి పేరు తొండ. పెళ్లిలో కూడా ఒకడు స్టేజీ ఎక్కి "కంగ్రాట్స్ రా తొండా" అంటే మరదలు బిత్తరపోయి చూసింది.

ఆ మొసలి ఫ్రాన్సు టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్త్‌దని నాకు పెళ్లయ్యాక ఎప్పుడో తెలిసింది. ఆయన్ని జనం మొసలి అని పిలిచేవాళ్లట, ఆయన దాన్నే చొక్కా మీదకి ఎక్కించుకుని 1933లో కంపెనీ పెట్టేశాడట. ఆయన్ని మొసలి అంటే కంపెనీ అయింది. మా వాడిని తొండ అంటే ఆ చొక్కా మళ్లీ ఒంటి మీదకి రాలేదు. అమ్మేమో వాడు దాచుకుంటున్నాడనుకుంది. ప్రతి పండక్కీ "ఆ మొసలి చొక్కా వేసుకోరా" అనేది. బిగుతైందని చెప్పి తప్పించుకునేవాడు. చివరికి అది మసిగుడ్డ అయింది. దానికి ముందు అమ్మ మొసలిని మళ్లీ బ్లేడుతో జాగ్రత్తగా ఊడదీసింది. ఇప్పటికీ దారాల డబ్బాలో, పాత బొత్తాల మధ్య ఉంటుంది.

అందుకని, పిల్లల చొక్కాల మీద మొసళ్లూ టిక్కులూ వద్దని ఎవరైనా అంటే నేను చప్పట్లు కొడతాను. కొట్టాను.

కానీ ఇవాళ సాయంత్రం ఆ ఎర్ర లైను చూశాక, కోపం చిన్నోడి మీంచి మెల్లగా బడి మీదికి మళ్లింది. గోరంత టిక్కుకి టేపు వేసిన ఆ బడి యూనిఫాం మీద ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టాను. అవును, కూర్చుని లెక్కపెట్టాను. చొక్కా జేబు మీద ఒకటి, టై మీద ఒకటి, బెల్టు బకిల్ మీద ఒకటి, బ్యాగు మీద ఇంత పెద్దది, పీటీ టీషర్టుకి ముందూ వెనకా. సాక్సులకి కూడా బడి పేరే! బూటులోకి దిగిపోయే సాక్సు మీద పేరు ఎవరు చదవాలి? జత నూట ఎనభై. అదే మందం సాక్సు కూకట్‌పల్లి ఫుట్‌పాత్ మీద నూటికి రెండు జతలు. అదేమిటని అడిగితే "యూనిఫామిటీ మేడమ్" అంటారు. వీటి మీద టేపు ఎవరు వేస్తారు?

2024 మే నెలాఖరులో హైదరాబాద్‌ డీఈఓ (జిల్లా విద్యాధికారి) ప్రైవేటు బడుల్లో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చినప్పుడు పండగ చేసుకున్నాం. బడి లోపల అమ్మడం నిజంగానే ఆగింది. పక్క సందులో ఒక షాపు తెరుచుకుంది. కౌంటర్లో అదే మనిషి, అదే బిల్లు పుస్తకం. ఆ బడి గుర్తున్న చొక్కా మరెక్కడా దొరకదు కాబట్టి అందరం ఆ సందులోకే. ఈయన దాన్ని "బ్రాండ్ ఎక్స్‌క్లూజివ్ ఔట్‌లెట్" అంటారు.

కడుపుమంటతో ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో ఉన్న చెల్లికి ఫోన్ చేశా. వాళ్లకి అప్పుడు మధ్యాహ్నం. "బ్రాండెడ్ బట్టల మీద బడిలో గొడవ" అని మొదలుపెట్టానో లేదో "అవునక్కా, ఇక్కడా అదే గొడవ" అని అందుకుంది. ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాక అర్థమైంది, ఇద్దరం వేర్వేరు సంగతులు చెప్పుకుంటున్నామని. ఇంగ్లండ్‌లో యూనిఫాం దగ్గర బ్రాండెడ్ అంటే బడి గుర్తు ఉన్న బట్ట అట! టిక్కులూ మొసళ్లూ కాదు. బ్లేజరు, జంపరు (అంటే స్వెటరే), టై, అన్నిటి మీదా బడి ముద్ర వేసి ఒకే షాపులో కొనమంటే తల్లిదండ్రుల మీద భారం పడుతోందని 2021లో చట్టమే చేశారట. అలాంటివి వీలైనంత తక్కువ పెట్టాలని బడులకి మార్గదర్శకాలు. అదీ చాలక, మూడింటికి మించి అడగకూడదనీ, హైస్కూళ్లలో కావాలంటే టై ఒకటి అదనమనీ 2024 డిసెంబరులో పార్లమెంటులో బిల్లు పెట్టారు. మిగతావన్నీ మామూలు సూపర్ మార్కెట్లో కొనుక్కోవచ్చు. చెల్లి తన కూతురికి తెల్ల చొక్కాలు కూరగాయలతో పాటు బుట్టలో వేసుకొస్తుంది.

ఆ మాట విన్నాక నా కోపానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. మా బడిదే అసలు బ్రాండు అని తేల్చేశాను. సంతకం పెట్టే చోట ఘాటుగా నాలుగు లైన్లు రాయాలని, చిత్తుకాగితం మీద ఇంగ్లీషులో రాసి కొట్టేసి, తెలుగులో రాసి కొట్టేసి... ఈయన చూసి "వాడికి ఇంకా మూడేళ్లుంది అక్కడ" అన్నారు. చిత్తుకాగితం మడిచేశాను.

అసలు విషయం పడుకునేముందు బయటపడింది. దుప్పటి కప్పుతుంటే చిన్నోడే అడిగాడు, "అమ్మా, టేపు చించడం పెద్ద తప్పా?"

"ఎందుకు చించావు?"

పొద్దున క్లాసులో లెక్క తీశారట, ఎవరికి ఎన్ని టేపులు పడ్డాయని. ఒకడికి చొక్కా మీదొకటి, ప్యాంటు మీదొకటి, రెండు బూట్లకీ రెండు, మొత్తం నాలుగు. వాడే ఇవాళ హీరో. టేపు కింద ఏముందో చెప్పుకోవడమే ఆట. వీడి బెంచీలో కూర్చునే పిల్లాడిది సాదా పసుపు చొక్కా. ఒక్క టేపూ పడలేదు. వాడు ఇంటర్వెల్‌లో పీఈటీ సార్ దగ్గరికెళ్లి "సార్, నాక్కూడా ఒకటి వెయ్యండి" అని అడిగాడట. సార్ నవ్వి "నీకెందుకురా, నీది ప్లెయినే కదా, గుడ్ బాయ్" అని పంపించేశారు.

"అప్పుడు నాది సగం చింపి ఇచ్చా" అన్నాడు చిన్నోడు.

వాడు దాన్ని పసుపు చొక్కా మీద ఎడమ పక్కన అంటించుకున్నాడట. కింద ఏముందిరా అని ఎవరో అడిగితే "చూపించకూడదు, రూల్" అన్నాడట. సాయంత్రం దాకా అలాగే ఉంచుకున్నాడు. ఇక్కడ మావాడి టిక్కు సగం బయటపడి ఎర్ర ఇంకు పడింది.

"మరి మేడమ్‌కి చెప్పలేకపోయావా? నేనరిచినప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"చెప్తే వాడి చొక్కా మీద ఏమీ లేదని తెలిసిపోదూ!" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇది సంతోషించాల్సిన విషయమే, ఒప్పుకుంటా. కానీ సంతోషం రెండు నిమిషాలే ఉంది. ఆ తర్వాత నుంచీ ఆ పసుపు చొక్కా పిల్లాడే కళ్లముందు. వాడు ఇంటికెళ్లాక ఆ టేపు తీసేశాడా? వాళ్లమ్మ ఇదేమిట్రా అని అడిగి ఉంటే ఏం చెప్పాడు? రూల్ తీసేయమందామా? అప్పుడు టిక్కులూ మొసళ్లూ బాహాటంగా తిరుగుతాయి, ఎవడో ఒకడు తొండ అవుతాడు. ఉంచమందామా, టేపులు లెక్కపెట్టుకుంటారు. సివిల్ డ్రెస్ శనివారమే ఎత్తేస్తే ఆ నూట ఎనభై సాక్సులు. మధ్యాహ్నం దాకా నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉండేది.

ఇందాక అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని "అయితే వాడికి తొండ అనే పేరు ఆ మొసలి వల్లా వచ్చింది?" అంది. ముప్ఫై ఏళ్లుగా అమ్మకి ఆ సంగతి తెలియదని నాకూ తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, జేబు ఊడదీసి ఎడమ పక్కనే కుట్టాల్సింది అంది.

బూడిద రంగు టీషర్టు మీద జిగురు అలాగే ఉండిపోయింది. సబ్బుతో రుద్దితే మెత్తబడి, నూగంతా అంటుకుని ఇంకా నల్లబడింది. కొబ్బరినూనె రాసి నానబెట్టాను. టిక్కు సగం మీదే ఉంది మరక. సంతకం పెట్టేశాను, పేరు ఒక్కటే. ఏమీ రాయలేదు.