నెల్లూరు ఎండలో రైజెన్ 5600: ఓల్టేజీ పెంచకండి, దించండి

తక్కువ డబ్బుల్లో గేమింగ్ సిస్టమ్ కావాలని నెల్లూరులోనో ఒంగోలులోనో షాపుకెళ్తే ముందు వినపడే మాట, "ఐ5 వేసుకో అబ్బయా, ఢోకా లేదు" అని. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక రకం. ఏ ఐ5? 2013లో వచ్చిన 4570 కూడా ఐ5యే. 4 కోర్లు (లెక్కలు చేసే మెదళ్లు), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). పేరుకు చిన్నదైన ఐ3-12100ఎఫ్ దాన్ని చిత్తుగా ఓడిస్తుంది. అందుకే కొటేషన్ మీద నంబరు మొత్తం రాయించుకోండి, చివరి అక్షరంతో సహా. ఇంటెల్‌లో చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే, కార్డు పెట్టందే మానిటర్‌లో బొమ్మ రాదు.

ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపడం) మీద మనసుంటే 12100ఎఫ్, 12400ఎఫ్ వద్దు, రెండూ లాక్ చేసినవే. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 5600 తీసుకోండి: 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ). పక్కనే 5500, 5600జీ చవగ్గా ఊరిస్తాయి గానీ వాటిలో క్యాష్ సగమే, గేముల్లో ఆ తేడా తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు ఆర్నెల్ల తర్వాత కొనేవాళ్లకైతే 5600జీ సరే.

మదర్‌బోర్డు బీ450 గానీ బీ550 గానీ ఉండాలి. ఏ320, ఏ520 బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కు ఏఎండీ అనుమతి లేదు. పాత స్టాకు బీ450 అయితే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ షాపులోనే చేయించి, తెర వెలిగాకే డబ్బులివ్వండి. ర్యామ్ 8 జీబీవి రెండు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఇది మరిచిపోయి 3200 ర్యామ్‌ను 2133లో నడిపేవాళ్లు బోలెడుమంది.

ఇక అసలు సంగతి, ఎండ. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. జనవరిలో 26 డిగ్రీల గదిలో గేమ్ ఆడుతుంటే 70 చూపించేది, రోహిణి కార్తెలో గది 38కి చేరితే 82 చూపిస్తుంది. 5600 హద్దు 90. అక్కడికి చేరితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. కాబట్టి 44 మల్టిప్లయర్ (అంటే 4.4 గిగాహెర్ట్జ్), 1.3 ఓల్టులు అని యూట్యూబ్‌లో చెప్పేది మనకు పనికిరాదు. వేడి పెరగడమే మిగులుతుంది. ఆ ప్రాసెసర్ బూస్ట్ (తనంతట తను అందుకునే వేగం) ఎటూ 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఉండనే ఉంది.

దీనికి విరుగుడు ఓల్టేజీ దించడం. బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్‌ను అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్స్, నెగటివ్, 10 ఇవ్వండి. ఒక్కో అంకెకు 3 నుంచి 5 మిల్లీఓల్టులు తగ్గుతాయి. నిలబడితే 15, 20 అంటూ వెళ్లండి. 30 ఆఖరు. వేడి తగ్గేకొద్దీ ప్రాసెసర్ తనంతట తనే వేగం పెంచుకుంటుంది. ఆ తర్వాత బూస్ట్ ఓవర్‌రైడ్‌కు 100 మెగాహెర్ట్జ్ ఇచ్చి చూడండి, 200 దాకా పోవచ్చు.

చాలామంది బోల్తా పడేది టెస్టింగులో. సినీబెంచ్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ 10 నిమిషాలు నడిచింది కదా అని వదిలేస్తారు. తీరా పాటలు వింటుంటేనో, ఊరికే డెస్క్‌టాప్ మీద ఉన్నప్పుడో సిస్టమ్ టప్పున రీస్టార్ట్ అవుతుంది. కారణం, పని బరువు తక్కువున్నప్పుడే ఒక్కో కోరు అత్యధిక బూస్ట్‌కు ఎగబాకుతుంది. ఓల్టేజీ చాలనిది అక్కడే. అందుకే కోర్‌సైక్లర్ అనే సాఫ్ట్‌వేర్‌ను రాత్రంతా నడపాలి, అది ఒక్కో కోరునే పరీక్షిస్తుంది. రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (WHEA-Logger) 18 వెతకండి. అందులో ఏపీఐసీ ఐడీ 6 గానీ 7 గానీ ఉంటే తప్పు కోర్ 3ది (కోర్లను 0 నుంచి లెక్కపెడితే). ఆ ఒక్క కోరుకు 5 అంకెలు వెనక్కి తగ్గితే (20 ఉంటే 15 చేస్తే) చాలు, అన్నింటినీ తగ్గించక్కర్లేదు. అసలు బూటే కాకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీది బటన్ బ్యాటరీని 5 నిమిషాలు బయట పెట్టండి, బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి.

బాక్సులో వచ్చే చిన్న ఫ్యాను మన వేసవికి ఆనదు. 4 హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ వేసుకోండి. పాతది ఊడదీసేటప్పుడు తొందరపడొద్దు. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య రాసిన పేస్టు ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. నిట్టనిలువునా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు గేమ్ నడిపి వేడెక్కించి, ఆపేసి, స్క్రూలు విప్పి, హీట్‌సింక్‌ను కుడిఎడమలకు మెల్లగా మెలిపెడితే విడిపోతుంది. కొత్త పేస్టు బఠాణీ గింజంత చాలు. చీమకుర్తి వైపు రాతిదుమ్ములో ఉండేవాళ్లు నెలకోసారి బ్లోయర్ పట్టాలి, ఫ్యాను రెక్కను వేలితో ఆపి మరీ.

ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ రకం తీసుకోండి. కరెంటు పోయినప్పుడు దాన్ని ఇంట్లోని స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపొద్దు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు తీసుకోవడాన్ని సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు దానిమీద గుయ్యిమంటాయి, కొన్నైతే మారే క్షణంలోనే ఆగిపోతాయి. అప్పుడు తప్పు కర్వ్ ఆప్టిమైజర్‌దని అనుకుని వారం పాటు అంకెలు మారుస్తూ కూర్చుంటారు.