ప్రీలాంచ్ ఫోన్లు, రాష్ట్రం చేతిలో ఉన్న చట్టం

"శంకర్‌పల్లిలో ప్రీలాంచ్ ప్లాట్లు సార్, సైట్ విజిట్‌కు కారు మేమే పంపిస్తాం" అంటూ గత వారం ఒకే రోజు నాలుగు వేర్వేరు పది అంకెల నంబర్ల నుంచి నాకు ఫోన్లు వచ్చాయి. నాలుగోసారి మాట్లాడిన అమ్మాయికి నా పేరే కాదు, మియాపూర్‌లో నేనుండే అపార్ట్‌మెంటు పేరు కూడా తెలుసు.

ఫ్లోరిడాలో ఉంటున్న మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే, అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం రాత్రి 8 తర్వాత అమ్మకాల ఫోన్లు చేయకూడదని, ఒకే విషయమై 24 గంటల్లో మూడుసార్లకు మించి విసిగించకూడదని, ఉల్లంఘన జరిగితే ఫోన్ అందుకున్నవారే కోర్టుకు వెళ్లి 500 డాలర్లు కోరవచ్చని చెప్పాడు. అలాంటి చట్టం తెలంగాణ శాసనసభ చేయలేదు, ఎందుకంటే మన రాజ్యాంగం ఏడో షెడ్యూలులో టెలిఫోన్లు కేంద్ర జాబితాలోని 31వ అంశం కిందికి వస్తాయి. అందుకే మనకున్నవి కేంద్ర టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు: ప్రచార ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి, అలా రాకపోతే 1909కు ఫిర్యాదు చేయాలి. ఫోన్ వచ్చాక ఫిర్యాదు చేయడానికి ఉన్న గడువును 2025 ఫిబ్రవరి సవరణతో మూడు రోజుల నుంచి ఏడు రోజులకు పెంచారు. అయితే జరిమానా పడినా అది టెలికాం కంపెనీకీ నియంత్రణ సంస్థకూ మధ్య వ్యవహారమే తప్ప, మధ్యాహ్నం నిద్ర పాడైన మనిషికి దక్కేది ఒక ఎస్సెమ్మెస్ మాత్రమే.

ఫోన్‌ను అదుపు చేయలేని రాష్ట్రానికి, ఆ ఫోన్‌లో అమ్ముతున్న సరుకును అదుపు చేసే అవకాశం మాత్రం ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కేంద్రానిదే అయినా అమలు చేయాల్సింది తెలంగాణ రెరా అనే రాష్ట్ర సంస్థ. ఆ చట్టం మూడో సెక్షన్ ప్రకారం, 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను రిజిస్టర్ చేయించకుండా అమ్మడమే కాదు, దానికి ప్రచారం చేయడమూ నిషిద్ధమే. ఉల్లంఘిస్తే ప్రాజెక్టు అంచనా వ్యయంలో పది శాతం దాకా జరిమానా విధించవచ్చు. ప్రీలాంచ్ అంటే సాధారణంగా ఇంకా రిజిస్టర్ కాలేదనే అర్థం కనుక, ఆ ఫోన్ చేసినవారు తమ తప్పును తామే చెప్పుకుంటున్నట్లు లెక్క.

నాలుగు నంబర్లపైనా 1909కు ఫిర్యాదు పంపాను. రెరాకు కూడా రాద్దామని రిజిస్ట్రేషన్ నంబరు, కంపెనీ పేరు అడిగితే, ఆ అమ్మాయి "మేనేజర్ గారితో మాట్లాడిస్తానండీ" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.